అమ్మమ్మ పిల్లి

మా రేషన్ కార్డులో ఉన్నది ఐదుగురమే. ఇంట్లో మాత్రం 15 మందిమి. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మిగతా పదీ పిల్లులే.

ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత "వాసన రాదా?" అంటారు. కాస్త దగ్గరివాళ్ళైతే "ఇంటి పనే తెమలదు, మళ్ళీ ఇదొకటా నీకు" అని మందలిస్తారు. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి కానీ ఈ రోజు రాయాలనుకున్నది వాటి గురించి కాదు. పిల్లిని సాకడమంటే పూటకింత అన్నం పెట్టడమే అనుకుని నేను చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పుకోవాలి.

మా పుట్టిల్లు ఎల్లారెడ్డి. పెంకుటిల్లు, వెనక కొట్టం, మధ్య అర్రలో వడ్ల బస్తాలు. బస్తాలున్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట పిల్లి ఉండాల్సిందే. మా ఇంట్లో పిల్లి లేని రోజు నాకు గుర్తులేదు. కానీ దానికో పేరుండేది కాదు, దాన్నెవరూ ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు కాదు. అది కూడా ఇంట్లో పనిమనిషిలాగే, పని చేస్తుంది, తింటుంది, పోతుంది.

ఏడాదికి రెండుసార్లు ఈనేది. పిల్లలు ఎక్కువైతే నాయిన వాటిని గోనెసంచిలో వేసి, సైకిల్‌కి కట్టుకుని, ఊరవతల వదిలేసి వచ్చేవాడు. నాయిన చెడ్డవాడు కాదు. మా ఊళ్ళో అందరూ చేసే పనే అది. సంచి మూతి కట్టాక లోపల్నుంచి వచ్చే సన్నటి అరుపు మాత్రం నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ రాత్రంతా తల్లి పిల్లి ఇల్లంతా తిరుగుతూ అరిచేది. "రెండ్రోజులైతే మర్చిపోతది" అనేది అమ్మ. నిజమే, మర్చిపోయేదేమో. మూడు నెలలకి మళ్ళీ కడుపుతో ఉండేది.

నాయిన పోయాక అమ్మ రెండేళ్ళు ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. మోకాళ్ళు బాగా ముదిరాక తమ్ముడు వాళ్ళింటికి తీసుకుపోయాడు. అది 2024 ఫిబ్రవరి. అమ్మ సామాన్లు సర్దడానికి నేనూ వెళ్ళాను. అన్నీ సర్ది తాళం వేసి బయటికొస్తే, గడప మీద పిల్లి కూర్చుని ఉంది. తెలుపు, నలుపు, గోధుమ రంగు మూడూ కలిసిన పిల్లి. అలా మూడు రంగులున్నవి దాదాపు అన్నీ ఆడవే అయి ఉంటాయని తర్వాత డాక్టర్ చెప్పాడు. అమ్మ కారెక్కి కూడా దిగింది. "దీనికెవరు పెడతరే?" అంది. ఆ ఇల్లు విడిచిపెట్టేటప్పుడు ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి పిల్లి దగ్గర ఏడ్చింది.

"నేను తీసుకుపోతలే అమ్మా" అన్నాను. నోరు జారిన మాట కాదు, అలాగని ఆలోచించి అన్న మాట కూడా కాదు.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పాత చీర వేసి, పిల్లిని పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టి ఆర్టీసీ బస్సెక్కాను. లింగంపేట వచ్చేదాకా అది అరుస్తూనే ఉంది, బస్సంతా నన్నే చూస్తూనే ఉంది. కండక్టర్ వచ్చి నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి, బుట్టలోకి తొంగి చూశాడు.

"ఇది ఆడదా మగదా అమ్మా?"

"ఆడదే అన్నా."

"అయితే దీనికీ జీరో టికెటే" అని నవ్వుకుంటూ ముందుకి పోయాడు.

మహాలక్ష్మి పథకం మొదలై అప్పటికి రెండు నెలలు. ఆ మాట ఇంట్లో చెప్తే అత్తమ్మ కూడా నవ్వింది. లేకపోతే ఆ రోజు పిల్లి గడప దాటి లోపలికొచ్చేది కాదు. మా అత్తమ్మకి పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే అలవాటు. పిల్లలు దానికి "అమ్మమ్మ పిల్లి" అని పేరు పెట్టారు. అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చింది కాబట్టి. అది నిజంగానే అమ్మమ్మ అవుతుందని అప్పుడెవరం అనుకోలేదు.

వచ్చేటప్పుడే కడుపుతో ఉందని మాకు తెలియదు. పిల్లి అటూ ఇటుగా రెండు నెలలు మోస్తుంది. ఏప్రిల్‌లో బట్టల బీరువా కింద అరలో, నా పట్టుచీర మీదే నాలుగు పిల్లల్ని పెట్టింది. పిల్లలు వాటికి సకినం, గారె, అరిసె, బూరె అని పేర్లు పెట్టారు. బూరెను ఎదురింటివాళ్ళు తీసుకున్నారు. మిగతా మూడూ ఉండిపోయాయి. నాకా సంబరం ఇంతా అంతా కాదు. మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉండేది కదా, ఇప్పుడు ఏదో ఒకటి కాళ్ళకి చుట్టుకుంటుంది. రాయడానికి కూర్చుంటే సరిగ్గా నోటుబుక్కు మీదే వచ్చి పడుకుంటుంది. ఒళ్ళో పిల్లి పడుకుంటే లేవబుద్ధి కాక అన్నం కూడా ఆలస్యంగా తిన్న రోజులున్నాయి.

పిల్లులున్న ఇల్లని పేరు పడితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. ఆ వానాకాలం ఎవరో చెప్పుల డబ్బాలో రెండు పిల్లల్ని పెట్టి గేటు ముందు వదిలిపోయారు. సెప్టెంబర్‌లో అమ్మమ్మ పిల్లి మళ్ళీ ఈనింది, ఈసారి మూడు. నవంబర్‌లో సకినం, ఇంకా నా కళ్ళకి పసిదే, ఇంకో మూడు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకి వస్తుందని నాకెవరు చెప్పారు? లెక్క చూస్తే 12.

చికెన్ సెంటర్ అతను రోజూ కవర్ కట్టి పక్కన పెట్టేవాడు. దాన్ని ఉప్పు, ఉల్లిపాయ ఏమీ వేయకుండా ఉడకబెట్టి అన్నంలో కలిపేదాన్ని. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తానికి చేటు, మన కూర మిగిలింది కదా అని పెట్టకూడదు. ఆవుపాలు కూడా పడవు. చాలా పిల్లులకి విరేచనాలవుతాయి. పిల్లి అంటే పాలు అని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన నాకు అది నమ్మడానికే చాలా రోజులు పట్టింది.

ఆ డిసెంబర్‌లో ఒక పొద్దున సకినం పిల్లల్లో ఒకటి నీళ్ళ గిన్నె దగ్గర తల వాల్చి కూర్చుంది. తాగదు, అక్కణ్ణుంచి లేవదు. మధ్యాహ్నానికి వాంతులు. ఒళ్ళు కాలుతోంది. మా చిన్నోడి పారాసిటమాల్ సిరప్ తీసి చెంచాలో పోశాను కూడా. ఏమనుకున్నానో, పట్టేముందు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. "అమ్మా, అది పిల్లికి విషం. ఒక్క గోలీ చాలు చావడానికి. ముందు ఆ చెంచా పారబోయండి" అన్నాడు. ఆ మాట ఇక్కడ రాస్తున్నది మీలో ఒక్కరికైనా పనికొస్తుందని.

అది పిల్లులకి వచ్చే పార్వో లాంటి వైరస్. డాక్టర్ సెలైన్ పెట్టాడు, ఇంజెక్షన్లు చేశాడు. వారం రోజుల్లో ఐదు పోయాయి. ఆరేడు వారాల వయసు నుంచే టీకాలు వేయించి ఉంటే చాలావరకు ఆపొచ్చట. ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగాను, ఆ క్రిమి నేల మీద నెలల తరబడి బతుకుతుందని చెప్పారు కాబట్టి. మిగిలిన ఏడింటికీ టీకాలు వేయించాను, రేబిస్‌ది కూడా. ఆ రోజే డాక్టర్ అడిగాడు, "ఆపరేషన్లు ఎప్పుడు చేయిస్తారమ్మా? ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని పిల్లులుంటే ఏ రోగమొచ్చినా ఇట్లనే అంటుకుంటది" అని.

చేయిస్తానన్నాను. చేయించలేదు.

ఎందుకని అడిగితే అప్పట్లో చాలా కారణాలు చెప్పేదాన్ని. ఆడపిల్లికి పొట్ట కోసి చేసే ఆపరేషన్ కాబట్టి సదుపాయమున్న చోట చేయించడం మేలని, హైదరాబాద్ తీసుకెళ్ళమన్నాడు డాక్టర్. ఇక్కణ్ణుంచి 110 కిలోమీటర్లు. ఖర్చు. పిల్లల పరీక్షలు. కానీ అసలు కారణం అది కాదు. మా పిన్ని ఒకసారి వచ్చినప్పుడు "నోరులేని దాని కడుపు తీయించుడు మంచిది కాదే, నువ్వూ ఇద్దరు పిల్లల తల్లివి" అంది. ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. అమ్మమ్మ పిల్లి పిల్లలకి పాలిస్తూ కళ్ళు మూసుకుని గుర్రుమంటుంటే, ఆ సుఖం లేకుండా చేయడానికి నేనెవర్ని అనిపించేది. 2025 ఎండాకాలంలో సకినం, గారె కలిపి నాలుగు పెట్టాయి. రెండింటిని తెలిసినవాళ్ళు తీసుకెళ్ళారు. మళ్ళీ తొమ్మిది.

ఆగస్టులో వినాయక చవితికి వారం ముందు అమ్మమ్మ పిల్లి మళ్ళీ ఈనింది. ఇంట్లో చోటు నచ్చలేదో ఏమో, బయట మెట్ల కింద సిమెంటు సంచుల వెనక నాలుగు పెట్టింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళ మాట. అదే లోపలికి తెచ్చుకుంటుందిలే అనుకున్నాను.

ఆ పండుగ రోజు, 2025 ఆగస్టు 27, కామారెడ్డి వాళ్ళెవరూ మర్చిపోరు. ముందురోజు రాత్రి మొదలైన వాన ఆగితే కదా. పక్కనే రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. జీఆర్ కాలనీలో కార్లు పడవల్లా కొట్టుకుపోవడం టీవీల్లో మీరూ చూసే ఉంటారు. హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, లింగంపేట దగ్గర ఎల్లారెడ్డి రోడ్డు దెబ్బతింది. మా గల్లీ కాస్త పల్లం. నేను పీట మీద వినాయకుణ్ణి పెట్టి పత్రి సర్దేసరికి వాకిట్లో పాదం మునిగేంత నీళ్ళున్నాయి. మెట్ల కింద పిల్లలు గుర్తొచ్చాయి. పూజ కాగానే తీసుకొద్దామనుకున్నాను. పిండివంట పొయ్యి మీద ఉంది, దీపం వెలిగించి ఉంది, మధ్యలో లేవకూడదనుకున్నాను.

హారతి ఇచ్చి వచ్చేసరికి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి.

అమ్మమ్మ పిల్లి ఒక పిల్లని మెడ దగ్గర కరుచుకుని మెట్లెక్కుతోంది. పిల్లి నీళ్ళంటే ఎంత భయపడుతుందో తెలుసు కదా. అది ఆ బురదనీళ్ళలో ఈదింది. పిల్లని మొదటి అంతస్తు గుమ్మం ముందు వదిలి, మళ్ళీ దిగింది. రెండోది. మళ్ళీ దిగింది. నేనూ మా ఆయనా నీళ్ళలోకి దిగి సంచులు జరిపేసరికి మూడోది దాని నోట్లో ఉంది. నాలుగోది సంచుల మధ్య ఇరుక్కుంది. నా చేతికి దొరికింది. అప్పటికే చల్లబడిపోయింది. కళ్ళు ఇంకా పూర్తిగా తెరవలేదు. పేరు కూడా పెట్టలేదు.

ఆ రోజు కింద ఇంటివాళ్ళు రెండు కుటుంబాలు మా పైగదిలో తలదాచుకున్నారు. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయి కూర్చున్నారు. "మనుషులే ఆగమైతుంటే పిల్లుల గోలేంది" అని వాళ్ళలో ఒకామె విసుక్కుంది. తప్పు పట్టలేదు నేను. మర్నాడు ఆమే మిగిలిన మూడు పిల్లల్ని తన తడవని చున్నీలో చుట్టి పడుకోబెట్టింది.

నీళ్ళు తీశాక మూడు రోజులు అమ్మమ్మ పిల్లి మెట్ల కిందికి పోతూనే ఉంది. బురద వాసన చూస్తుంది, పిలుస్తుంది, పైకొస్తుంది, ఉన్న మూడింటినీ నాకుతుంది, మళ్ళీ దిగుతుంది. పిల్లికి లెక్క రాదంటారు. వచ్చో రాకో, ఒకటి తక్కువైందని దానికి తెలుసు.

మూడో రోజు సాయంత్రం అత్తమ్మ మెట్ల మీద కూర్చుని దాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి అంది, "దీనికి ఆపరేషన్ చేపియ్యి బిడ్డా."

"పాపం కదా అత్తమ్మా" అన్నాను.

"ఏం పాపం? నాకు చేపిచ్చిండ్రు. నేను తల్లిని గాకుంట పోయిన్నా?"

నేను మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో అత్తమ్మ ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజు చెప్పింది. ఐదు కాన్పులు, ముగ్గురు బతికారు. చివరి కాన్పు అయిన మూడు నెలలకి ఊళ్ళో ఆడవాళ్ళందరితో కలిపి జీపులో క్యాంపుకి తీసుకెళ్ళారట. బడిలో చాపల మీద వరసగా పడుకోబెట్టారట. అప్పుడామెకి 24 ఏళ్ళు.

"నీకు ఇష్టమేనా అని నన్నెవ్వరు అడగలే. ఆ కోపం ఇప్పటికీ ఉన్నది. కానీ బిడ్డా, కుట్లు మానినంక ఒక్క రాత్రి కడుపునిండ నిద్రపోయిన. మళ్ళ నెల తప్పుతదేమోనన్న భయం లేకుంట. అట్ల నిద్రపోయి అప్పటికి తొమ్మిదేండ్లయింది."

కాసేపు ఆగి మళ్ళీ అంది. "నన్ను అడగాల్సుండె, అడగలే. దీన్ని అడుగుదామన్నా చెప్పలేదు. జూస్తె సమజైతలేదా? సూడు ఎట్లున్నదో."

చూశాను. వెన్నెముక బయటికి కనబడుతోంది. చెవులు పల్చబడ్డాయి. అది వచ్చిన ఏడాదిన్నరలో మూడుసార్లు ఈనింది. నేను తల్లితనం అని మురిసిపోయిన దానికి అది తన ఒంట్లోంచి కడుతూ వచ్చింది. అప్పుడు గోనెసంచి గుర్తొచ్చింది. నాయిన కళ్ళెదుట సంచి కట్టాడు. నేను సంచి కట్టలేదు కానీ, పుట్టనిచ్చి, రోగానికి కొన్నిటిని, వరదకి ఒకదాన్ని వదిలిపెట్టాను. నాయిన కన్నా నేను మంచిదాన్నని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

బతుకమ్మ పండుగ అయిపోయి, చిన్నవి తినడం నేర్చుకున్నాక, అక్టోబర్‌లో కారు మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్ళాం. చెవి కమ్మలకని దాచిన చిట్టీ డబ్బులు తీశాను. కమ్మలు ఎక్కడికీ పోవు. అమ్మమ్మ పిల్లి, సకినం, గారె, వాటితో పాటు అరిసె. అరిసె మగపిల్లి.

"మగదానికెందుకు?" అన్నాడు మా ఆయన, కొంచెం ఇబ్బందిగా.

"అది కొట్లాడకుండా, ఊరంతా తిరిగి గాయాలు తెచ్చుకోకుండా. మగవాటిది చాలా చిన్న ఆపరేషన్, పొట్ట కోయనక్కర్లేదు" అన్నాను, డాక్టర్ చెప్పింది చెప్పినట్టుగా.

వెనక సీట్లోంచి అత్తమ్మ అందుకుంది. "మగోళ్ళది ఎప్పుడూ అల్కటి ఆపరేషనే కొడుకా. గదే అప్పుడు మీ నాయినకు చెప్తే, నాల్గు రోజులు ఇంటికి రాలే."

కారులో అందరం నవ్వాం, డ్రైవర్‌తో సహా. మా ఆయన మాత్రం మేడ్చల్ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

అరిసె సాయంత్రానికే లేచి తిరిగింది. ఆడవి మూడూ రెండు రోజులు మూలన పడుకున్నాయి. కుట్లు నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ పట్టీలు వేశారు. గంటకోసారి లేచి చూసేదాన్ని. రెండో రాత్రి చూస్తే అత్తమ్మ మంచం మీద అమ్మమ్మ పిల్లి పడుకుని ఉంది, ఆమె దాని వీపు మీద చెయ్యి వేసి నిద్రపోతోంది. పిల్లి ఎదురొస్తే నీళ్ళు తాగి వెళ్ళే మా అత్తమ్మ.

సంక్రాంతి లోపల మిగతా పెద్దవాటికీ అయిపోయింది. వరదలో బతికిన మూడింటిలో రెండింటిని ఎల్లారెడ్డిలో నా చిన్ననాటి స్నేహితురాలికి ఇచ్చాను. వాళ్ళది కిరాణా కొట్టు, గోదాములో ఎలుకలు. ఇచ్చే ముందు ఒక మాట తీసుకున్నాను, టీకాలు, ఆపరేషన్ తప్పకుండా చేయిస్తానని. "పెండ్లి సంబంధానికి కూడ ఇన్ని షరతులు పెట్టరే" అంది, కానీ ఒప్పుకుంది. మూడోదాని పేరు వరద. అది మా దగ్గరే ఉంది. వచ్చే నెల దాని వంతు.

ఇప్పుడు ఇంట్లో కొత్త పిల్లలు లేవు. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి బెంగగానే ఉంటుంది. బీరువా కింద అర తెరిస్తే పట్టుచీరలు పట్టుచీరల్లాగే ఉంటాయి. అరచేతిలో పట్టేంత పిల్లల్ని మళ్ళీ చూడాలనిపిస్తుంది. అది నా కోరిక. పిల్లిది కాదు.

అమ్మమ్మ పిల్లి ఒళ్ళు చేసింది. వెన్నెముక కనబడటం లేదు. మొన్న మధ్యాహ్నం డాబా మీద చూశాను. ఎండలో వెల్లకిలా పడుకుని, తన తోకతో తనే ఆడుకుంటోంది, పసిపిల్లలాగా. వచ్చిన ఇన్నాళ్ళలో అది ఆడుకోవడం నేను చూడలేదు. ఎప్పుడు చూసినా పాలివ్వడమో, వెతకడమో, కాపలా కాయడమో.

అప్పుడే తమ్ముడింటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఎప్పటిలాగే నేను తిన్నానో లేదో అడగకుండా, "పిల్లి తిన్నదా?" అంది.

"తిన్నది. ఆడుకుంటున్నది" అన్నాను.

"ఆడుకుంటున్నదా!" అని, అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.